హంతకుడెవరు? – ధారావాహిక కథలు, పాఠకుని ఊహ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము)



రజతోత్సవ సభలలో సాధారణముగా భారత భాగవతములను గూర్చియు, గ్రంథాలయోద్యమ చరిత్రమును గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. నేటి విషయము పైకి అంత గంభీరముగా కనబడదు. పత్రికలో వారము వారము వెలువడు ఒక ప్రణయగాథ, అందొక హత్య, హంతకుడెవరో తెలియకుండగనే పుట చివర ‘సశేషము’ అను మాట. ఆ మాటకును మరుసటి సంచికకును నడుమ గల ఏడు దినములలో పాఠకుని మనస్సున జరుగు వ్యాపారమే ఈ ప్రసంగమునకు విషయము. ఇది కాలక్షేపపు ముచ్చటవలె ఆరంభమగును గాని, ఒక మనుష్యుని నేరస్థుడని తలచుటకు ఎట్టి ఆధారము కావలెనను పెద్ద ప్రశ్నకు కొనిపోవును.

ఏలూరు, తాడేపల్లిగూడెం మదరాసు – కలకత్తా రైలుమార్గమున నున్న పట్టణములు. 1950 దశకమున ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ సచిత్ర వారపత్రికలు మదరాసులో అచ్చయి, రైలుమీద ఈ స్టేషనులకు చేరెడివి. అచ్చటనుండి డెల్టా గ్రామములకు బస్సుమీదనో, సైకిలుమీదనో, కాలువ పడవలోనో పోయెడివి. కొల్లేటి లంకల సంగతి వేఱు. వర్షకాలమున బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సు నిండినప్పుడు లంకగ్రామములకు దోనెయే దిక్కు. పత్రిక రెండు దినములు ఆలస్యమైనచో, పఠనమందిరపు అరుగుమీద కూర్చున్నవారి ఊహలకు రెండు దినముల ఆయుర్దాయము పెరిగెడిది.

గ్రామ గ్రంథాలయమునకు వచ్చు ప్రతి ఒక్కటియే. చదువరులు పలువురు. అక్షరము రానివారు ఇంకను పలువురు. కనుక ఒకరు చదువగా పదిమంది వినుట ఆచారమయ్యెను. ఇంటిలో ఒంటరిగా నవల చదువువానికి తన అనుమానము తనలోనే యుండును. అరుగుమీద వినువానికి అట్లు కాదు. ‘నాయిక మేనమామయే చంపినాడు’ అని ఒకడనగానే ‘ఏల?’ అని మఱియొకడు ప్రశ్నించును. కారణము చెప్పలేనివాడు నవ్వులపాలగును. చెప్పగలిగినవాని మాట వచ్చేవారము వఱకు నిలుచును. ఈ విధముగా సశేషమను చిన్నమాట అరుగును న్యాయసభగా మార్చినది.

తెలుగున ఈ రుచి క్రొత్తది కాదు. బెంగాలీ రచయిత పాంచ్‌కడీ దే వ్రాసిన అపరాధ పరిశోధక నవలలు ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలోనే తెలుగు పాఠకులకు చేరినవి. పిమ్మట ‘వేయి నవలల కొవ్వలి’యని పేరొందిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు (1912–1975) చిన్న చిన్న నవలలతో సామాన్య జనులకు, అందును స్త్రీలకు, చదువునెడల ఆసక్తి కలిగించెను. ఆయన ఇంటిపేరైన కొవ్వలి ఏలూరు సమీపముననున్న గ్రామము పేరే. తరువాత కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆతని సహాయకుడు రాజు తెలుగు ఇండ్లలో బంధువులవలె పరిచితులైరి. 1947 జూలైలో పుట్టిన చందమామలో 1954 నుండి దాసరి సుబ్రహ్మణ్యం వ్రాసిన ‘తోకచుక్క’ మొదలగు ధారావాహికలు, చిత్రా వేసిన రంగుల బొమ్మలతో వెలువడి, నెలనాళ్లు ఎదురుచూచుట యెట్టిదో పిల్లలకు నేర్పినవి. ఆ ధారావాహికలు హత్యాపరిశోధనలు కావు. అయినను బొమ్మను పరీక్షించి, రాబోవు కథను ఊహించు అలవాటును అవియే పెంచినవి.

అయితే హంతకుడెవరని ఊహించుట తెలుగువారికి వారపత్రికలు నేర్పిన విద్యయని తలపరాదు. తిక్కన సోమయాజి భారతరచనకు ఉపక్రమించినదే విరాటపర్వముతో. వానలు పడనప్పుడు విరాటపర్వము చదివించుట తెలుగు పల్లెలలో ఉన్న ఆచారము. ఆ కథయందలి కీచకవధను పరిశోధక దృష్టితో చూడుడు. పరస్త్రీని కోరిన సేనాపతి రాత్రివేళ నర్తనశాలలో చంపబడెను. ఆయుధపు గాయము లేదు. శరీరము ముద్దగా నలుపబడియున్నది. సైరంధ్రి భర్తలైన గంధర్వులు చంపిరని నగరమంతయు నమ్మెను. ఆ వార్త హస్తినాపురమునకు చేరినప్పుడు దుర్యోధనుడు మాత్రము గంధర్వుల మాటతో తృప్తి పడలేదు. తెలుగునాట పురాణశ్రవణములలో చెప్పుకొను రీతిని, కీచకుని బాహుబలముతో చంపగల వీరులు ఎవ్వరని ఆతడు లెక్కవేసెను. బలరాముడు, శల్యుడు, భీముడు. మొదటి ఇద్దరును ఎచ్చటనున్నదియు తెలిసినదే. మూడవవాని జాడ తెలియదు. కారణము ఒక స్త్రీ. కనుక ఆ స్త్రీ ద్రౌపదియు, చంపినవాడు భీముడును కావలెను!

ఒక్కొక్కరిని తొలగించుకొనుచు పోగా మిగిలినవానిని పట్టుకొను ఈ పద్ధతియే నేటి డిటెక్టివు పద్ధతి. దుర్యోధనుడు అంతటితో ఆగక, తన ఊహను పరీక్షించుటకు విరాటుని గోవులను పట్టించెను. ఊహ నిజమేయయ్యెను. కాని ఆతడు ఆశించిన ఫలము దక్కలేదు. అజ్ఞాతవాసపు గడువు అప్పటికే తీరినదని, అధికమాసములను లెక్కించి భీష్ముడు తేల్చెను. చంపినవానిని సరిగా గుర్తించిన బుద్ధియే దినములను లెక్కించుటలో తప్పెను. మనకు కావలసిన సమాధానము దొరకినంతనే లెక్క సరిచూచుకొనుట మానివేయుదుము. దుర్యోధనునకు జరిగినదియు అదియే. 1963లో వచ్చిన ‘నర్తనశాల’ చిత్రమున కీచకుని పాత్రను ధరించిన ఎస్.వి. రంగారావు నూజివీడున జన్మించినవాడగుట ఈ ప్రాంతమువారు అభిమానముతో తలచుకొను విషయము.

ఇక సముద్రముల కావల జరిగిన ఒక ఉదంతము. 1841లో చార్లెస్ డికెన్సు ‘బార్నబీ రడ్జ్’ అను నవలను ధారావాహికగా ప్రకటించుచుండెను. అందొక భూస్వామి హత్య. ఆతని గృహనిర్వాహకుడు సైతము మాయమై, చాలకాలమునకు ఒక శవము దొరకెను. బట్టలను, గడియారమును, ఉంగరమును బట్టి అది ఆ నిర్వాహకునిదేయని జనులు నిశ్చయించిరి. అమెరికాలో ఎడ్గార్ ఆలన్ పో ఈ ప్రకరణములను చదువుచుండెను. లోకమున మొదటి డిటెక్టివు కథగా పేరొందిన కథను ఆతడు ప్రకటించినది ఆ సంవత్సరము ఏప్రిల్‌లోనే. శవమును ముఖమును బట్టి కాక, వస్తువులను బట్టి మాత్రమే గుర్తించిరన్న అంశము ఆతని దృష్టిని దాటిపోలేదు. కథ ఇంకను తొలిదశలోనే యుండగా, 1841 మే 1వ తేదీన ఫిలడెల్ఫియా పత్రికలో తన ఊహను అచ్చువేయించెను. మరణించెనని తలపబడినవాడే హంతకుడు! నవల ముగిసిన పిమ్మట ఈ ప్రధానాంశము నిజమని తేలినది. లోపలి వివరములు కొన్ని మాత్రము తప్పినవి.

నవల పూర్తియైన తరువాత, 1842లో పో మరల దానిని సమీక్షించుచు ఒక ఆక్షేపణ చేసెను. ఆ నిర్వాహకుని భార్యను కథలోని పాత్రలు ‘విధవ’యని పిలిచినచో తప్పు లేదు, వారికి నిజము తెలియదు. కాని భర్త జీవించియున్నాడని యెఱిగిన రచయిత తన సొంతమాటగా ఆమెను విధవయని వ్రాయుట న్యాయము కాదు! ఈ ఆక్షేపణ చిన్నదిగా కనబడును గాని, హత్యాకథకు ధర్మశాస్త్రమంతయు ఇందున్నది. పాత్రలు అబద్ధమాడవచ్చును, కథకుడు ఆడరాదు. దాచవచ్చును, వంచింపరాదు. 1929లో ఇంగ్లండున రొనాల్డ్ నాక్సు అను మతాచార్యుడు పరిశోధక కథలకు పది నియమములు ఏర్పఱచెను. నేరస్థుడు కథయొక్క ఆరంభభాగముననే కనబడవలెననియు, డిటెక్టివునకు దొరకిన ఆనవాళ్లు పాఠకునకును చూపబడవలెననియు వాని సారము. పాఠకుని ఊహ పందెమైనప్పుడు రెండు పక్షములకును ఒకే పాచికలుండవలెను గదా!

పందెము రచయితను ముంచిన సందర్భమును గలదు. 1905లో ఎడ్గార్ వాలెస్ అను ఆంగ్లేయుడు ‘ది ఫోర్ జస్ట్ మెన్’ అను నవలను ప్రకటించి, అందలి మంత్రి ఏవిధముగా చంపబడెనో చెప్పినవారికి 500 పౌనుల బహుమతి నిత్తునని ప్రకటన చేసెను. ఎందఱు సరిగా చెప్పినను మొత్తము ఇంతియేయని హద్దు పెట్టుకొనలేదు. సరియైన సమాధానములు పెక్కు వచ్చినవి. నవల బాగుగా అమ్ముడుపోయినను ఆతడు అప్పులపాలయ్యెను. సామాన్య పాఠకుని బుద్ధిని తక్కువగా అంచనా వేయుట ప్రమాదకరమని అప్పుడాతనికి తెలిసియుండవలెను.

బొమ్మలతో కూడిన కథలలో ఈ పందెము మఱింత సూక్ష్మమగును. మాటలలో ‘ఒక ఆకారము తోటలోనికి ప్రవేశించెను’ అని వ్రాసి రచయిత తప్పించుకొనవచ్చును. చిత్రకారునకు ఆ వెసులుబాటు లేదు. ఆకారమును గీయవలెను, అది పొట్టియో పొడుగో, ఆడో మగో, ఏ చేత కత్తి పట్టినదో ఏదో యొకటి గీతలో పడితీరును. అందుచే బొమ్మల కథను చదువువారు మాటలకంటె గీతలను ఎక్కువగా పరీక్షింతురు. గోడమీది నీడ, కాలి చెప్పు, వేలి ఉంగరము – ఇవియే వారికి సాక్షులు.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము డికెన్సు చివరి నవలయైన ‘ఎడ్విన్ డ్రూడ్ రహస్యము’. అది ప్రణయమును హత్యానుమానమును పెనవేసికొన్న కథ. ఎడ్విన్ అను యువకుడు మాయమగును. ఆతనికి నిశ్చయింపబడిన కన్యను ఆతని మేనమామ జాస్పర్ రహస్యముగా మోహించియుండును. 1870 ఏప్రిల్‌లో పన్నెండు భాగములుగా ఆరంభమైన ఈ కథ సగము కాగానే, జూన్ 9వ తేదీన రచయిత మరణించెను. ఆరు భాగములే మిగిలినవి. నాటినుండి ‘సశేషము’ శాశ్వతమయ్యెను. పాఠకులు ముఖపత్రముమీది బొమ్మను పట్టుకొనిరి. దాని అడుగుభాగమున దీపము పట్టుకొనిన పురుషుడొకడు చీకటిలో నిలిచిన ఒక ఆకారమును చూచుచుండును. ఆ ఆకారము మరణించిన ఎడ్విన్‌దా? జీవించియున్న ఎడ్విన్‌దా? మాఱువేషము ధరించిన మఱియొకరిదా? ఈ వాదము నూఱేండ్లు దాటినను తీరలేదు. లోపలి బొమ్మలు వేసిన ల్యూక్ ఫైల్డ్సు 1905లో ఒక సంగతి వెల్లడించెను. జాస్పర్ మెడకు రెండు చుట్లు వచ్చు పొడవైన గుడ్డను తప్పక గీయవలెనని డికెన్సు చెప్పెనట. కారణమడుగగా, ఎడ్విన్‌ను ఉరిబిగించుటకు అది కావలెనని రహస్యముగా తెలిపెనట.

అయినను జనులు తృప్తిపడలేదు. 1914 జనవరి 7న లండనులో డికెన్సు అభిమానులు జాస్పర్‌పై ఒక వినోదపు విచారణ జరిపిరి. ప్రసిద్ధ రచయిత చెస్టర్టన్ న్యాయమూర్తి. బెర్నార్డ్ షా జూరీ పెద్ద. బుద్ధిపూర్వక హత్య కాదు గాని ప్రాణహరణ నేరము చేసినాడని జూరీ తీర్పు చెప్పెను. చెస్టర్టన్ తాను తప్ప సభలోనివారందఱును న్యాయస్థాన ధిక్కారమునకు పాల్పడిరని ప్రకటించి సభ ముగించెను! ఊహకు నవ్వును తోడైనప్పుడు ఎవ్వరికిని గాయము తగులదు.

కాని ఊహ నవ్వును విడిచిన చోటులును గలవు. 1868లో వెలువడిన విల్కీ కాలిన్సు ధారావాహిక ‘మూన్‌స్టోన్’ భారతదేశపు దేవతావిగ్రహమునుండి అపహరింపబడిన వజ్రమును గూర్చిన కథ. ఇంగ్లండులోని ఒక భవనమున ఆ వజ్రము రాత్రికి రాత్రి మాయమగును. మొదటి అనుమానము ఎవరిమీదికి పోయెను? గారడివారి వేషమున ఇంటిచుట్టును తిరిగిన ముగ్గురు భారతీయులమీదికి. తరువాత ఎవరిమీదికి? పూర్వము ఒక దొంగతనమునకు శిక్ష ననుభవించి వచ్చిన పనిపిల్లమీదికి. పరదేశీయుడు, పేదది – ఈ ఇద్దఱును అనుమానమునకు సులభముగా దొరకుదురు. వజ్రమును తీసినదెవరో ఇచ్చట చెప్పుట భావ్యము కాదు. సభలో ఆ గ్రంథమును చదువని వారుండవచ్చును. ఆ రాత్రి దానిని తీసినవారు ఈ నలుగురిలో లేరని మాత్రము చెప్పవచ్చును. తొందరపడిన పాఠకుడు అచ్చట సిగ్గుపడవలసి వచ్చును. అది మంచి సిగ్గు. దానివలన ఎవ్వరికిని నష్టము లేదు.

జీవితమున అట్లు కాదు. గడ్డివాము తగులబడినను, చెఱువుమీద వల మాయమైనను, గ్రామము మొదట చూచునది ఆనవాళ్లను కాదు. ఊరికి క్రొత్తగా వచ్చినవాని ముఖమును. ఈ అలవాటు ఒకప్పుడు చట్టమే అయ్యెను. 1871లో బ్రిటిషు ప్రభుత్వము ‘క్రిమినల్ ట్రైబ్సు’ చట్టమును చేసెను. 1911 నాటి చట్టముతో అది మదరాసు రాజధానికిని వర్తించినది. కొన్ని జాతులు, కొన్ని సంచార కుటుంబములు పుట్టుకచేతనే నేరస్థులని ఆ చట్టము భావించెను. నేరము జరుగకమున్నే నేరస్థుడు నిర్ణయమయ్యెను! తెలుగునాట ఎఱుకలవారు మున్నగు వారు పోలీసులయొద్ద హాజరు చెప్పుకొనుచు, ప్రత్యేకముగా ఏర్పఱచిన కాలనీలలో నివసింపవలసి వచ్చెను. బాపట్ల ప్రాంతపు స్టువార్టుపురము 1913లో అట్లు ఏర్పడినదే. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1952లో ఆ చట్టము రద్దయ్యెను. ఆ జాతులు విముక్తజాతులని పేరొందినవి. చట్టము పోయినను స్టువార్టుపురమను పేరు వినగానే దొంగలను తలచుకొనుట చాలకాలము పోలేదు. చదువుకొని ఉపాధ్యాయులు, ఉద్యోగులైన వారి బిడ్డలు ఆ పేరును మోయవలసి వచ్చినది. ఆధారము లేని ఊహ చేయగల కీడు ఇంతటిది.

కనుక హత్యాకథ చదువరికి నేర్పునది అనుమానించుట కాదు. అనుమానమును అదుపులో పెట్టుకొనుట. మంచి ఊహకుడు కథలో చూపబడినదానిమీదనే నిలుచును. ముఖము క్రూరముగా గీయబడినదని ఎవ్వరిని హంతకుని చేయడు. అనుభవజ్ఞుడైన పాఠకునకు క్రూరముఖము ఎరయని తెలియును. తన ఊహకు కారణము చెప్పును. క్రొత్త ప్రకరణము వచ్చి ఆ కారణమును కొట్టివేసినప్పుడు ఊహను మార్చుకొనును. ‘నేను ముందే అన్నాను’ అనిపించుకొనుటకై పాత ఆనవాళ్లను వంచడు. కొల్లేటిలో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, పెక్కు కాలువలు, మురుగు కాలువలు కలియును. కాని నీరు సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరు ఒక్కటే. కథలోనికి అనుమానములు ఎన్ని వైపులనుండి వచ్చినను నిజమునకు దారి ఒక్కటియే యుండును. ఏ కాలువ నీరు పెద్దగా మ్రోగుచున్నదో చూచి దారి నిర్ణయింపరాదు, పల్లమును చూడవలెను.

డిటెక్టివు నవలలను గ్రంథాలయములలో ఉంచవచ్చునా యను వివాదము పాతది. చౌకబారు రచనలు యువకుల బుద్ధిని చెఱుపునని పెద్దలు భయపడిరి. ఆ భయమున కొంత నిజము లేకపోలేదు. హత్యను వర్ణించుటయే గాని ఆలోచనకు తావీయని పుస్తకములు చాల వచ్చినవి. కాని గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన పంచసూత్రములలో ప్రతి పాఠకునకును తన పుస్తకము దొరకవలెనను సూత్రము గలదు. యుగంధరునికై వచ్చిన కుఱ్ఱవాడు బీరువాలో ప్రక్కనున్న విరాటపర్వమును చూచుట ఒకనాడు జరుగవచ్చును. రెండింటిని వేఱు వేఱు గదులలో పెట్టినచో అది ఎన్నటికిని జరుగదు.

నేడు వారపత్రికకై స్టేషనుకు పోవువారు లేరు. కొరియా మొదలగు దేశములనుండి బొమ్మల ధారావాహికలు చేతిలోని ఫోనుమీదికే వారము వారము వచ్చుచున్నవి. ప్రణయము, హత్య, సశేషము అన్నియు అచ్చట నున్నవి. పాఠకులు హంతకుని ఊహించుచునే యున్నారు. మాఱినది అరుగు. ‘ఏల?’ అని అడుగు పొరుగువాడు ప్రక్కన లేకపోయినచో ఊహ వదంతిగా మాఱుటకు నిమిషము చాలును. ఫోనులో వచ్చిన ఒక బొమ్మనో మాటనో నమ్మి, పిల్లలను ఎత్తుకొనిపోవువాడని ఊరికి క్రొత్తవానిని కొట్టిచంపిన దుర్ఘటనలు 2018లో దేశమున పెక్కుచోట్ల జరిగినవి. ఆ గుంపులలో ఒక్కడైనను గట్టిగా ‘ఏల?’ యని అడిగియున్నచో కొన్ని ప్రాణములు నిలిచియుండెడివి. ఆ ప్రశ్నను అడుగుటకు అలవాటుపడు చోటు గ్రంథాలయము.

ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయ సభ్యులకు రెండు విన్నపములు. డిటెక్టివు నవలలోని చివరి పుటలను చింపి కొనిపోవలదు. నూఱు పుటలు చదివిన తరువాత హంతకుడు తప్పించుకొనిపోయిన బాధ సామాన్యమైనది కాదు. రెండవది, తాము చదివి ముగించిన సంతోషమున మొదటి పుటయందే హంతకుని పేరు పెన్సిలుతో వ్రాయవలదు. తరువాతి పాఠకునకు దక్కవలసిన ఆలోచనను అపహరించుట యగును. అట్టి అపరాధము జరిగినచోట పరిశోధనకు గ్రంథపాలకుని చేత అరువు పుస్తకముల చిట్టా ఉన్నదని మఱువరాదు. అందులో పేర్లున్నవి, తేదీలున్నవి. అయినను గ్రంథపాలకులు సైతము వ్రాతను పోల్చిచూడకుండ ఎవ్వరిని నిందింపరాదని ప్రార్థన.

ఇరువదియైదేండ్లు ఈ అరుగుమీద ప్రశ్న అడిగినవారికిని, సమాధానము చెప్పినవారికిని, తప్పును ఒప్పుకొని నవ్వినవారికిని అభినందనములు. గ్రంథాలయము స్వర్ణోత్సవమునకు సాగుగాక!